రేడాన్ తీసేస్తామని ఇంటికి వచ్చినవాళ్ళని ముందు ఏం అడగాలి?

ఈసారి వీడియో మా ఇంటి నుంచే చేస్తున్నాను, అరకు నుంచి. వెనకాల కనిపిస్తోంది చూశారా, ఆ కొత్త గది మా హోమ్‌స్టే. పక్కన పెంకులతో ఉన్నది మా పాత మట్టిల్లు. ఈ రెండింటి మధ్యలో నిలబడే ఇవాళ్టి విషయం చెప్తాను, ఎందుకంటే కథంతా ఈ రెండిళ్ళ మధ్యే జరిగింది.

రెండు నెలల క్రితం ఒకాయన మా గది చూడ్డానికి వచ్చాడు. టూరిస్ట్ అనుకున్నాం. చేతిలో ఫోనంత మీటర్ ఒకటి ఉంది. కిచెన్‌లో గ్రానైట్ బండ మీద పెట్టాడు. అది టిక్ టిక్ టిక్ అని మోగింది. "చూశారా, మీ ఇంట్లో రేడాన్ ఉంది. ఇది క్యాన్సర్ గ్యాస్. గెస్టులకి తెలిస్తే ఒక్కరు రారు" అన్నాడు. అదే టైమ్‌లో లోపల్నుంచి మా అమ్మ దగ్గింది. ఆయన నా వైపు తిరిగి మెల్లగా, "అదిగో, చూడండి మరి" అన్నాడు.

అంతే, నాకు చెమటలు పట్టేశాయి. గోడలకి ఏదో పెయింట్, గదిలో ఒక మెషీన్, మొత్తం కలిపి నలభై రెండు వేలు. పది వేలు అడ్వాన్స్ ఇస్తే రేపే పని మొదలెడతాడట. మా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోన్, గదికి వెనక బాత్రూం కట్టడానికి దాచింది. అది తీసి ఇచ్చేద్దామా అని నేను అడిగితే అమ్మ ఒకటే మాట అంది: "ఏట్రా బావూ, పది నిమిషాల్లో రోగం చెప్పేసినోడు పది నిమిషాల్లో మందు కూడా అమ్మేత్తాడేటి?"

ఆ ఒక్క మాట మా డబ్బు కాపాడింది. అమ్మకి రేడాన్ అంటే ఏంటో తెలీదు, కానీ మనిషిని ఎలా చూడాలో తెలుసు. ఆ మీటర్ ఎందుకు తప్పు, అసలు రేడాన్ ఉంటే ఎవర్ని పిలవాలి, వాళ్ళకి పని వచ్చో రాదో ఎలా కనుక్కోవాలి, ఇవన్నీ తర్వాత నేను చదివి, అడిగి తెలుసుకున్నాను. అదే మీకు చెప్తున్నా.

ముందు, రేడాన్ అబద్ధం కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మోసగాడు చెప్పాడు కాబట్టి విషయమే మోసం అనుకుంటే మళ్ళీ తప్పే.

రాళ్ళలో, మట్టిలో కొంచెం కొంచెంగా యురేనియం ఉంటుంది. ఎక్కడైనా ఉంటుంది, మీ ఊళ్ళో కూడా. అది కోట్ల ఏళ్ళుగా విరుగుతూ విరుగుతూ మధ్యలో రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. మిగతావన్నీ రాయిలోనే ఉండిపోయే గట్టి పదార్థాలు. రేడాన్ ఒక్కటే గ్యాస్. రంగు లేదు, వాసన లేదు. మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. బయట గాల్లో కలిస్తే పల్చబడిపోతుంది, గొడవ లేదు. ఇంటి కిందకి వచ్చి, నేల పగుళ్ళలోంచి గదిలోకి దూరి, తలుపులు కిటికీలు మూసేసి ఉంటే అక్కడే పోగుపడుతుంది. ఉన్న రేడాన్‌లో సగం తగ్గడానికి 3.8 రోజులు పడుతుంది. అంటే పోగుపడటానికి బోలెడు టైమ్ ఉంది.

రేడాన్ విరిగినప్పుడు పొలోనియం లాంటి గట్టి రేణువులు పుడతాయి. అవి దుమ్ముకి అంటుకుంటాయి, మనం పీలిస్తే ఊపిరితిత్తుల్లో అతుక్కుంటాయి, అక్కడ ఆల్ఫా కిరణాలు వదుల్తాయి. ఏళ్ళ తరబడి అలా జరిగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఒక్కో దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా రేడాన్ వల్లే. అమెరికాలో వాళ్ళ పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా ఏడాదికి దాదాపు 21,000 మరణాలు. కాబట్టి నవ్వి వదిలేసేది కాదు.

మరి మన కొండల సంగతి? తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాళ్ళు ఖోండలైట్, చార్నొకైట్. ఖోండలైట్‌కి ఆ పేరు మన కొండల్లో ఉండే ఖోండు తెగవాళ్ళ పేరు మీదే పెట్టారు. మనం కోదులు అంటాం కదా, వాళ్ళే. మనం గొడవపడ్డ బాక్సైట్ కూడా ఈ ఖోండలైట్ అరిగి అరిగి తయారైందే. ఈ రాళ్ళు వానకి కరిగి, ఏర్లలో కొట్టుకుపోయి సముద్రం ఒడ్డుకి చేరితే అక్కడ ఇసకలో మోనజైట్ అనే ఖనిజం పోగయింది. భీమిలి ఇసక గురించి వినుంటారు, అదే. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. థోరియం నుంచి కూడా ఒక రకం రేడాన్ వస్తుంది, దాన్ని థోరాన్ అంటారు. దాని ఆయుష్షు చాలా తక్కువ, 56 సెకన్లకి సగం అయిపోతుంది. అందుకే అది గోడకి దగ్గర్లోనే ఉంటుంది, గది మధ్యకి వచ్చేలోపు తగ్గిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మీటర్ ఎక్కడ పెట్టాలో చెప్పేటప్పుడు పనికొస్తుంది.

అంటే అరకులో ఇళ్ళన్నీ ప్రమాదమా? అలా ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. రేడాన్ ఊరి లెక్క కాదు, ఇంటి లెక్క. పక్కపక్కన ఉన్న రెండిళ్ళలో ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ ఉండొచ్చు. కింద రాయి ఏంటి, నేల ఎలా వేశారు, పగుళ్ళు ఉన్నాయా, కిటికీలు తెరుస్తారా, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. అందుకే కొలవకుండా ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ టిక్ టిక్ మీటర్ సంగతి. అది గైగర్ కౌంటర్. రాయి నుంచి నేరుగా వచ్చే కిరణాలని లెక్కపెడుతుంది. గ్రానైట్‌లో పొటాషియం, యురేనియం, థోరియం సహజంగా కొంచెం ఉంటాయి కాబట్టి దాని మీద పెడితే కాస్త ఎక్కువ మోగుతుంది. గుళ్ళో రాతి అరుగు మీద పెట్టినా మోగుతుంది. కానీ గది గాల్లో రేడాన్ ఎంతుందో అది చెప్పదు. వంటింటి బండలోంచి రేడాన్ వచ్చినా మామూలుగా చాలా కొంచెం, అసలైన దారి ఇంటి కింద నేల. ఇంకోటి, రేడాన్ పగలు ఒకలా, రాత్రి ఒకలా, వానాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. అందుకని పది నిమిషాల కొలత కొలతే కాదు. కనీసం రెండు రోజులు, కుదిరితే మూడు నెలలు కొలిచి సగటు తీస్తేనే దానికి అర్థం.

ప్లే స్టోర్‌లో రేడియేషన్ మీటర్ అని యాప్‌లుంటాయి, కెమెరా మూసి కొలుస్తామంటాయి. మన ఫోన్ ఒక్కదానితో రేడాన్ కొలవలేం. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే డిజిటల్ మానిటర్లు వేరే ఉన్నాయి. అక్కడ కొలిచేది ఆ డబ్బా, ఫోన్ చూపిస్తుంది అంతే.

ఎంత ఉంటే ఎక్కువ? కొలత పేరు బెక్వెరల్. ఒక ఘనమీటరు గాల్లో సెకనుకి వంద రేడాన్ అణువులు విరుగుతుంటే అది 100 బెక్వెరల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన పుస్తకంలో ఇళ్ళలో ఏడాది సగటు 100 లోపు ఉంటే మంచిది, కుదరకపోతే 300 మాత్రం దాటకూడదు అని చెప్పింది. అమెరికాలో పికోక్యూరీల్లో చెప్తారు. వాళ్ళ గీత 4, మన లెక్కలో అది 148 బెక్వెరల్స్. సగటు ప్రతి 100 పెరిగినప్పుడల్లా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 16 శాతం దాకా పెరుగుతుందని లెక్క. అంటే 110 వచ్చిందని రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఇది ఏళ్ళ లెక్క, గంటల లెక్క కాదు. "ఇవాళే అడ్వాన్స్ ఇవ్వాలి" అని ఎవరైనా అన్నారంటే ఈ ఒక్క విషయంతోనే వాళ్ళని పంపించెయ్యొచ్చు.

ఇక్కడ మన ఉత్తరాంధ్ర వాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. పొగ తాగేవాళ్ళకి రేడాన్ ముప్పు తాగనివాళ్ళ కన్నా దాదాపు 25 రెట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. మన దగ్గర మామ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఇంట్లో రేడాన్ పనికి నలభై వేలు పెట్టి, అదే ఇంట్లో చుట్ట కాలుస్తూ ఉంటే ఆ ఖర్చు ఎందుకు? ముందు చుట్ట మానిపించాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంకోటి, దగ్గు. రేడాన్ వల్ల వెంటనే దగ్గు రాదు, తలనొప్పి రాదు, ఏ లక్షణమూ ఉండదు. అమ్మ దగ్గుని చూపించి ఆయన నన్ను భయపెట్టాడు కదా, అది పచ్చి అబద్ధం. దగ్గు రెండు వారాలు దాటితే దానికి కావాల్సింది కాంట్రాక్టర్ కాదు, ప్రభుత్వ ఆస్పత్రిలో కళ్ళె పరీక్ష. టీబీ పరీక్ష, మందులు ఫ్రీ. అమ్మని తీసుకెళ్ళాం. టీబీ లేదు. కట్టెల పొయ్యి పొగ తగ్గించుకోమన్నారు డాక్టర్. గ్యాస్ సిలిండర్ ఉంది, కానీ పొదుపు అని చలికాలం అంతా కట్టెల మీదే వండుతుంది. అసలు రోగం అక్కడుంది. ఆ నలభై రెండు వేలు ఇచ్చేసుంటే గోడలకి పెయింట్ పడేది, అమ్మ పొగ అలాగే పీల్చేది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. నిజంగా రేడాన్ ఎక్కువ వచ్చింది. ఎవర్ని పిలవాలి?

దీనికి నాకు దారి చూపించింది వైజాగ్‌లో నాతో చదివిన ఫ్రెండ్. ఇప్పుడు అమెరికాలో ఒహాయోలో కొలంబస్‌లో ఉంటున్నాడు. వీడియో కాల్‌లో ఈ కథంతా చెప్తే నవ్వాడు. "నేను ఇల్లు కొన్నప్పుడు మొదట చేయించిన పరీక్షల్లో ఇదొకటి" అన్నాడు. అక్కడ చాలా ఇళ్ళకి బేస్‌మెంట్ ఉంటుంది. మనం బేస్‌మెంట్ అంటే పునాది మీద లేపిన కట్టు అనుకుంటాం. వాళ్ళకి బేస్‌మెంట్ అంటే నేల కింద ఉండే గది. చుట్టూ మట్టే, కాబట్టి రేడాన్ సులువుగా వస్తుంది. చలికి కిటికీలు మూసే ఉంటాయి.

అక్కడ ఈ విషయం ఎలా బయటపడిందో తెలుసా? 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. ప్లాంట్‌లో రేడియేషన్ అలారం ఆయన్ని చూసి మోగేది. తీరా చూస్తే ఆయన ఇంట్లోంచి అంటించుకొస్తున్నాడు. ఇంట్లో లీటరుకి దాదాపు 2,700 పికోక్యూరీలు, ఇందాక చెప్పిన 4 గీతకి వందల రెట్లు. ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. నేల కింద పైపులు వేసి, ఫ్యాన్లు పెట్టి బాగుచేశాక మళ్ళీ అదే ఇంటికి వచ్చి ఉన్నారు. అంత ఎక్కువున్న ఇల్లే బాగుపడింది. కాబట్టి భయపడాల్సిన పని లేదు, పని తెలిసినవాడు దొరికితే చాలు.

ఆ పని ఏంటంటే, నేల కాంక్రీట్‌కి బోర్ వేసి కింద కంకరలోకి ఒక పీవీసీ పైపు దింపుతారు. పైపు పైకి తీసుకెళ్ళి ఇంటి కప్పు కన్నా ఎత్తులో వదుల్తారు. మధ్యలో ఒక ఫ్యాన్, ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది. నేల కింద గాలిని గదిలోకి రాకముందే పీల్చి ఆకాశంలోకి వదిలేస్తుంది. పైపు మీద ఒక చిన్న గొట్టంలో రంగు నీళ్ళు ఉంటాయి, ఫ్యాన్ పనిచేస్తోందా లేదా అది చూస్తే తెలుస్తుంది. బాగా చేస్తే కొన్ని ఇళ్ళలో 99 శాతం దాకా తగ్గుతుందని ఈపీఏ చెప్తుంది. ఇందులో మాయ మెషీన్లేం లేవు, పెయింట్లేం లేవు.

మా వాడు కాంట్రాక్టర్‌ని ఎలా పట్టుకున్నాడంటే, అక్కడ నేషనల్ రేడాన్ ప్రొఫిషియెన్సీ ప్రోగ్రామ్, నేషనల్ రేడాన్ సేఫ్టీ బోర్డ్ అని రెండు సంస్థలు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తాయి. పేర్లు వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. దాని మీద ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సు కూడా ఉండాలి. వాడు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాడు. అందులో ఒకడు ఇంటికి రాకుండా, నేల చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పాడు, వాడిని వదిలేశాడు. కాగితం మీద "పని అయ్యాక 4 లోపుకి రాకపోతే మళ్ళీ వచ్చి ఉచితంగా సరిచేస్తాం" అని రాసిచ్చినవాడికి ఇచ్చాడు. పని అయిపోయాక ఒక రోజు ఆగి, నెల లోపల వేరే వాళ్ళతో మళ్ళీ కొలిపించాడు. కొలిచినవాళ్ళకీ పని చేసినవాళ్ళకీ సంబంధం లేదు. ఈ చివరి మాటే నాకు తలకెక్కింది. అన్నలూ అక్కలూ అమెరికాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే, ఇల్లు కొనేముందు ఇలా చెయ్యండి.

మరి మన దగ్గర? ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన దేశంలో ఇంటి రేడాన్ తగ్గించే కాంట్రాక్టర్లకి ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి పెట్టిన జాబితా లేదు. అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, ఎక్స్‌రే మెషీన్ల లాంటి వాటికి లైసెన్సు ఇస్తుంది. ఇంటి నేలకి పైపు వేసేవాడికి కాదు. కాబట్టి ఎవరైనా "గవర్నమెంట్ సర్టిఫైడ్ రేడాన్ ఎక్స్‌పర్ట్" అని కార్డు చూపిస్తే, ఆ ముక్క దగ్గరే ఆగండి.

జాబితా లేదంటే తెలిసినవాళ్ళు లేరని కాదు. పనిని రెండు ముక్కలు చెయ్యాలి. కొలిచేవాళ్ళు వేరు, బాగుచేసేవాళ్ళు వేరు.

కొలవడం మన దగ్గర కొత్తేం కాదు. బాబా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు రేడాన్, థోరాన్ విడివిడిగా కొలిచే చిన్న డబ్బా తయారుచేశారు. లోపల ఎల్ఆర్-115 అనే ఫిల్మ్ ముక్క ఉంటుంది. ఆల్ఫా కిరణం తగిలినచోట మచ్చ పడుతుంది. మూడు నెలలు గదిలో వేలాడదీసి, తీసుకెళ్ళి ల్యాబ్‌లో ఆ మచ్చలు లెక్కపెడతారు. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, మన ఏజెన్సీ ఊళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఉస్మానియా యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్ళు ఇలాంటి ఫిల్ములతోనే హైదరాబాద్ ఇళ్ళలో, అటు నల్లగొండలో యురేనియం ఉన్న లంబాపూర్, పెద్దగట్టు వైపు కొలిచారు. మన వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీకి న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగమే వేరుగా ఉంది, స్వామి జ్ఞానానంద మొదలుపెట్టింది. వీళ్ళు ఫోన్ చేస్తే ఇంటికొచ్చే సర్వీస్ కాదు. కానీ "మా ప్రాంతంలో ఎవరైనా కొలుస్తున్నారా, ఏ ల్యాబ్‌కి పంపొచ్చు" అని అడగాల్సిన చోటు అలాంటి విభాగాలే. డిగ్రీ, పీజీ ఫిజిక్స్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ప్రాజెక్ట్‌కి ఇంతకన్నా మంచి టాపిక్ ఏముంది? మన ఊళ్ళు మనమే కొలుచుకోవచ్చు. ప్రైవేట్ ల్యాబ్ అయితే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అని మాత్రమే కాదు, ఆ గుర్తింపు రేడాన్ కొలతకే ఉందా అని అడగండి. నీళ్ళ పరీక్షకి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి గాలి పరీక్ష వచ్చినట్టు కాదు.

కొలిచే డబ్బా ఎక్కడ పెట్టాలి? పడుకునే గదిలో, కింది అంతస్తులో. గోడకి కనీసం అడుగు దూరం, నేలకి అడుగున్నర పైన, కిటికీకి తలుపుకి మూడడుగులు ఎడంగా. మట్టి గోడకి ఆనించి పెడితే ఇందాకటి థోరాన్ వచ్చి అంకె చెడగొడుతుంది. వంటింట్లో, బాత్రూంలో వద్దు.

ఇక బాగుచెయ్యడం. దీనికి మనకి కావాల్సింది రేడాన్ పేరు పెట్టుకున్నవాడు కాదు. బుర్రపెట్టి పనిచేసే మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, అంకె ఎక్కువుంటే పైన ఒక సివిల్ ఇంజనీరు. వీళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఏం చెయ్యాలో మనకి తెలిస్తే చాలు.

మొదట గాలి. గాలి ఎదురుబొదురుగా ఆడేలా కిటికీలు, పైన వెంటిలేటర్లు. ఏసీ పెడితే గాలి మారుతుంది అనుకోకండి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది. చలికని అన్నీ మూసేసి లోపల కుంపటి పెట్టారంటే రేడాన్ సంగతి తర్వాత, కార్బన్ మోనాక్సైడ్‌తో ఆ రాత్రికే ప్రాణం పోవచ్చు. ఇంకో కిటుకు వినండి: అన్నీ మూసిన గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెడితే అది గది గాలిని బయటికి లాగుతుంది, ఆ ఖాళీ నింపడానికి నేల పగుళ్ళలోంచి మట్టి గాలి ఇంకా ఎక్కువ వస్తుంది. ఫ్యాన్ వేస్తే కొత్త గాలి వచ్చే దారి కూడా తెరవాలి.

రెండు, పగుళ్ళు. గోడకీ ఫ్లోరింగ్‌కీ మధ్య సందు, బాత్రూం పైపు నేలలోకి దిగేచోట ఖాళీ. అవి సిమెంటు గ్రౌట్‌తో, సిలికాన్‌తో మూయించాలి. ఇదొక్కటే చేస్తే సరిపోదు, గ్యాస్ ఇంకో సందు వెతుక్కుంటుంది. కానీ మిగతా పని దీని మీదే నిలబడుతుంది.

మూడు, ఈ రెండూ చేశాక కూడా అంకె 300 దగ్గర ఉంటేనే పైపూ ఫ్యానూ. ఇది ఇంజనీరు చూసి చెయ్యాల్సిన పని. పైపు నోరు కిటికీ దగ్గర పెడితే తీసిన గ్యాస్ మళ్ళీ లోపలికే వస్తుంది.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్ళకి ఒక సలహా. బేస్‌మెంట్ నింపేటప్పుడు, మన బేస్‌మెంట్ అండీ, పైన ఒక పొర కంకర వేయించి, దాని మీద మందం పాలిథిన్ పట్టా పరిచి, కంకరలోంచి ఒక నాలుగంగుళాల పైపు గోడ పక్కగా పైకి తీసి మూత పెట్టించండి. ఇప్పుడు అయితే ఒక పైపు ఖర్చు. ఇల్లయ్యాక అయితే నేల పగలగొట్టాలి.

ఇక ఎవరైనా రేడాన్ పని అని వస్తే వాళ్ళని అడగాల్సినవి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి: ఏ పరికరంతో కొలిచారు, ఎన్ని రోజులు కొలిచారు?

రెండు: అంకె ఎన్ని బెక్వెరల్స్? "డేంజర్", "రెడ్" అన్నవి అంకెలు కావు.

మూడు: కొలిచింది మీరేనా? మీరే అయితే ఇంకొకరితో కొలిపిస్తాం.

నాలుగు: గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తోంది, మీ పని దాన్ని ఎక్కడ ఆపుతుంది? బొమ్మ గీసి చూపించండి. గాలి శుభ్రం చేసే మెషీన్ రేడాన్ గ్యాస్‌ని తీసెయ్యలేదు, కాబట్టి డబ్బా చూపిస్తే నమస్కారం పెట్టెయ్యండి.

ఐదు: పని అయ్యాక ఎంతకి తగ్గాలి, తగ్గకపోతే ఏం చేస్తారు? కాగితం మీద రాసి సంతకం పెట్టండి.

ఆరు: ఇంతకుముందు చేసిన ఇల్లు ఒకటి చూపిస్తారా, వాళ్ళతో మాట్లాడొచ్చా?

ఏడు: చివరి డబ్బు మళ్ళీ కొలిచాకే ఇస్తాం, సరేనా?

పని వచ్చినవాడు ఈ ఏడింటికీ చిరాకుపడడు, సంతోషిస్తాడు. మా ఇంటికొచ్చిన ఆయనకి ఫోన్ చేసి రెండో ప్రశ్న దాకా అడిగాను. "మీకు నమ్మకం లేకపోతే వదిలెయ్యండి" అన్నాడు. వదిలేశాను.

మరి మా ఇంట్లో ఏం తేలింది అంటారా? సంక్రాంతికి మా కొలంబస్ ఫ్రెండ్ వచ్చినప్పుడు వాడి డిజిటల్ మానిటర్ తెచ్చి నాకు వదిలి వెళ్ళాడు. గెస్టుల్ని ఆపి, కొత్త గదిలో ఒక వారం అన్నీ మూసి పెట్టాం. సగటు వంద గీత దాటింది, మూడువందలకి మాత్రం చాలా దూరంలో ఉంది. తర్వాత వారం పగలంతా కిటికీలు తెరిచాం, వంద లోపుకి వచ్చింది. బాత్రూం పైపు చుట్టూ ఉన్న సందు మేస్త్రితో మూయించాం, రెండు గోడలకి పైన వెంటిలేటర్లు కొట్టించాం. మేస్త్రి కూలీ, సిమెంటు, జాలీలు అన్నీ కలిపి మూడు వేలు కూడా కాలేదు. మళ్ళీ కొలిస్తే రాత్రి మూసి పడుకున్నా వంద లోపే ఉంది. ఇది ఒక గది, మూడు వారాల లెక్క. దీన్నిబట్టి అరకు అంతా ఇంతే అని నేను అనను, మీరూ అనకండి. వచ్చే చలికాలం మళ్ళీ కొలుస్తాం.

అమ్మ డ్వాక్రా డబ్బుతో వెనక బాత్రూం లేచింది. అమ్మ గ్యాస్ మీద వండుతోంది, నేను పక్కనుంటే మాత్రమే, లేకపోతే మళ్ళీ కట్టెలే. ఆ గొడవ ఇంకా నడుస్తోంది. దగ్గు చాలావరకు తగ్గింది.

మీ ఇంట్లోనో, మీ చుట్టాల ఇంట్లోనో ఎవరైనా ఇలాంటి మీటర్ పట్టుకొచ్చారా? కింద కామెంట్‌లో చెప్పండి, వాళ్ళ పేర్లు రాయొద్దు, ఏం అమ్మబోయారో రాయండి చాలు. హోమ్‌స్టేలు నడుపుతున్న మన ఏజెన్సీ ఫ్రెండ్స్‌కి ఈ ఎపిసోడ్ పంపండి. ముందు కొలత, తర్వాత పని, మళ్ళీ కొలత. ఈ వరస తప్పించమన్నవాడికి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, అమ్మ పిలుస్తోంది.